నాలుగు రెట్లు చాలు

ఈ పేజీలో లోగడ కళ్ళజోడు ఎంచుకోవడం గురించి రాశాను. మిక్సీ మోటారు గురించి రాశాను. పెళ్ళికి ఫొటోగ్రాఫరును కుదుర్చుకునే వాళ్ళు ముందుగా ఏమేమి అడగాలో కూడా రాశాను. ఈ వారం రైఫిలు మీద బిగించే స్కోపు గురించి రాస్తానంటే మా ఆవిడ చాయ్ గ్లాసు బల్లమీద పెట్టి, “సంసారులు చదివే పత్రికల తుపాకులేందండి?” అంది.

“మీ తమ్ముడి సంగతే రాస్తున్నా” అన్నాను.

“అయితే రాయండి. వాని పేరు మాత్రం రాయకండి” అంది.

అంచేత అతను ఇక్కడ మా బామ్మర్ది గానే వుంటాడు.

వేట రైఫిలు అనగానే పులి మీద కాలు పెట్టి నిలబడ్డ ప్రభువులు గుర్తుకొస్తారు మనకి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ గారి వేటలను రాజా దీన్ దయాళ్ ఫొటోలు తీశాడు. నా బోటి స్టూడియో వాళ్ళకి అవి చూసి నేర్చుకోవలసిన పాఠాలు. ఆ రోజులు పోయాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక సరదా వేట అన్నది మన దేశంలో నేరం. మా కామారెడ్డికి దగ్గరలోని పోచారం అడవి కూడా ఒకనాడు నిజాముల వేట అడవే; ఇవాళ అభయారణ్యం. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల కొత్తగా తుపాకి లైసెన్సు ఇవ్వాలంటే, వన్యప్రాణి ముఖ్య సంరక్షకుడి సమ్మతి ముందుగా వుండాలని ఆ చట్టమే చెబుతుంది. కాబట్టి చదువరుల్లో ఎవరికైనా కుందేలు కూర మీద మనసు పోతే, ఈ వ్యాసం వాళ్ళకి పనికిరాదు.

మా బామ్మర్దిది ఆ కొలతకు అవతల, ఎల్లారెడ్డి దాటి మంజీర వైపు వెళ్ళేదారిలో ఒక ఊరు. నాలుగెకరాల మక్క, కొంత చెరకు, బోరు కింద కాస్త వరి. చేను దాటితే తుప్పలు, తుప్పలు దాటితే అడవి. మక్క కంకి పాలు పోసుకునే పదిహేను రోజులూ ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర వుండదు. అడవిపంది కంకిని కోసుకు తిని పోయే జంతువు కాదు. మొక్కను పడగొడుతుంది, కొంత నములుతుంది, తక్కింది తొక్కుతుంది. పోయిన సంవత్సరం ఒక్క రాత్రిలో అర ఎకరం నేలకు పరుచుకుని పోయింది. వాళ్ళు చెయ్యని ఉపాయం లేదు. చేను చుట్టూ పాత చీరలు కట్టారు. దూరం నుంచి చూస్తే పెళ్ళిపందిరిలా వుండేది. మంగలి దుకాణం నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లారు. డబ్బాలు కొట్టారు. పందులు వారం రోజులు జంకి, ఎనిమిదో రోజున చీర కిందినుంచి దూరి వచ్చాయి.

పక్క ఊళ్ళలో కొందరు చేను చుట్టూ కరెంటు తీగ లాగుతారు. అది చట్టవిరుద్ధమని వాళ్ళకీ తెలుసు. పందికి పెట్టిన తీగ తగిలి తెల్లవారుజామున నీళ్ళు కట్టడానికి వెళ్ళిన రైతే పోయాడన్న వార్త పత్రికల్లో ఎన్నిసార్లు చదవలేదు మనం! మా మామగారు బతికి వున్నన్నాళ్ళూ, “తీగ మాత్రం పెట్టొద్దు బిడ్డా” అనేవారు. ఆయనకు పాత లైసెన్సు తుపాకి ఒకటి వుండేది. ఆయన తరవాత అది కొడుక్కి మారింది. ఆ పాతదాన్ని అప్పగించి, .315 రైఫిలు ఒకటి కొత్తది కొన్నాడు మా బామ్మర్ది. అటవీశాఖ వారు గుర్తించిన షూటర్ల జాబితాలో అతని పేరుంది. పంట నష్టం చూసి, అనుమతి కాగితం ఇచ్చినప్పుడు, ఆ కాగితంలో రాసిన మేరకే ఆ రైఫిలు పెట్టెలోంచి బయటికి వస్తుంది. లేకపోతే లేదు.

ఇక చిక్కు ఎక్కడంటే, అతనికి యాభై దాటాయి.

తుపాకి పట్టని వాళ్ళకి ఇది చెబితే గాని అర్థం కాదు. మామూలు రైఫిలుకు వెనక ఒక గంటు, ముందు గొట్టం చివర ఒక ముల్లు వుంటాయి. గంటులో ముల్లు, ముల్లు మీద గురి. అంటే కన్ను ఒకేసారి మూడు దూరాల్లోని మూడు వస్తువులను తేటగా చూడాలి. ఇరవై ఏళ్ళ కన్ను ఆ మూడింటి మధ్యా చిటికెలో దూకుతుంది. యాభై దాటిన కన్ను దూకలేదు. కెమెరాలో అయితే మేము రంధ్రం చిన్నది చేసి దగ్గరా దూరమూ రెండూ తేటగా తెచ్చుకుంటాము. మసక వెలుగులో కంటిపాప పెద్దదవుతుందే తప్ప చిన్నదవదు. అంచేత సాయంత్రమయ్యేసరికి సంగతి మరీ చెడుతుంది. స్కోపులో గురిగీతలూ, అవతలి వస్తువూ ఒకే తలంలో కనబడతాయి. కన్ను దూకనక్కరలేదు. వయసు మళ్ళిన వాడికి స్కోపు అవసరం ఇందుకే. దూరంవి దగ్గరగా కనబడడం ఆ తరవాతి మాట.

ఈ ముక్క నేను మా బామ్మర్దికి చెప్పకముందే అతను పోస్టులో ఒక స్కోపు తెప్పించాడు. ముప్ఫయ్యేళ్ళకు పైగా కామారెడ్డిలో ఫొటో స్టూడియో నడిపినవాణ్ణి గదా, అద్దాల సంగతి బావకు తెలుసునని డబ్బాతో సహా ఆదివారం పొద్దున్నే దిగాడు.

“బావా, గీ డబ్బ మీద రాసిన అంకెలన్నీ నీకే ఎరుక. ఇర్వై నాలుగు రెట్లట! గుట్ట మీది చీమ గూడ కనబడ్తదట” అన్నాడు.

చూద్దును గదా, మూరెడు పొడుగు గొట్టం. ముందు అద్దం దానిమ్మపండు రంగులో మెరుస్తోంది. లోపల ఎర్రదీపం, పచ్చదీపం, రెండూ వెలుగుతాయి. డబ్బా మీద 6-24x50 అని వుంది. ఆ అంకెల అర్థం ఇంతే: బొమ్మను ఆరు రెట్ల నుంచి ఇరవై నాలుగు రెట్ల దాకా పెద్దది చేస్తుంది, ముందు అద్దం వెడల్పు 50 మిల్లీమీటర్లు. దాని వెల మూడు వేల చిల్లర. పెద్దపిల్ల హాస్టలు ఫీజు కట్టగా, మక్కలమ్మిన డబ్బులో దీనికోసం తీసిపెట్టుకున్నది ఇరవై ఎనిమిది వేలు. అంటే ఇంకా ఇరవై అయిదు వేలు చేతిలో వుంది. అదీ మనకు దక్కిన అదృష్టం.

నేనేమీ అనలేదు. చెబితే వినడు, చూపెట్టాలి. సాయంత్రం దాకా కూచోబెట్టి, భోజనం పెట్టి, మునిమాపు వేళకు అతని చేనికే వెళ్ళాము. రైఫిలు తీసుకువెళ్ళలేదు. స్కోపు ఒక్కటే చేతిలో పట్టుకొని వెళ్ళాము. నా సంచీలో పక్షులను చూసే నా పాత దుర్బిణి ఒకటి వుంది, ఎనిమిది రెట్లది.

వెలుగు తగ్గుతోంది. అవతలి గట్టు మీద, సుమారు డెబ్భై గజాల దూరంలో, నల్లగా ఒక ముద్ద కనబడింది. మా వాడు గొట్టం కంటికి పెట్టుకొని, ఇరవై నాలుగు రెట్లకు తిప్పి, ఊపిరి బిగబట్టాడు.

“పందే బావా. కదుల్తలేదు సూడు. తల కిందికి వెట్టింది.”

నేనూ అందులోంచి చూశాను. నల్లటి మరక ఒకటి నీళ్ళలో తేలుతున్నట్టు వుంది. చెయ్యి ఇసుమంత కదిలితే మరక మాయం. అప్పుడు దుర్బిణి ఇచ్చాను. అతను చూశాడు. చూసి కొంతసేపు మాట్లాడలేదు.

“చుట్ట ముట్టిచ్చుకుంటుండు” అన్నాడు చివరికి.

గొంగడి కప్పుకొని గట్టు మీద గొంతుక్కూర్చున్న పక్క చేను ముసలాయన. కాపలాకి వచ్చాడు.

తిరిగి వచ్చేటప్పుడు మా బామ్మర్ది ఆ దానిమ్మరంగు గొట్టం సంచీలో వేసుకుని, “గిది వాపసు తీసుకుంటరంటవా?” అని మాత్రం అడిగాడు.

ఎందుకు అలా జరిగిందో చెప్పాలి. స్కోపును చేతిదూరంలో పట్టుకొని వెనక అద్దం వైపు చూస్తే గుండ్రటి వెలుగుచుక్క ఒకటి కనబడుతుంది. కంటికి చేరే వెలుగంతా ఆ చుక్కలోంచి రావలసిందే. దాని కొలత తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కరలేదు: ముందు అద్దం వెడల్పును రెట్లతో భాగించండి. 50ని 24తో భాగిస్తే 2 మిల్లీమీటర్లు. చీకట్లో యువకుడి కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. యాభై దాటినవాడికి 5 దాకా. 5 మిల్లీమీటర్ల తలుపు తెరిచి కూచుంటే 2 మిల్లీమీటర్ల వెలుగు పంపుతోంది ఆ గొట్టం. అదే 32 మిల్లీమీటర్ల చిన్న అద్దం వున్న నాలుగు రెట్ల స్కోపు అయితే 8 మిల్లీమీటర్లు; కంటికి పట్టినంత ఇచ్చి ఇంకా మిగులుతుంది. ముందు అద్దం పెద్దదైతే వెలుగు ఎక్కువ అని దుకాణాల్లో చెబుతారు. రెట్లు ఎన్నో చెప్పకుండా ఆ మాట చెబితే సగం అబద్ధం.

ఇంకో సంగతి. రెట్లు పెరిగిన కొద్దీ కనబడే చోటు కుంచించుకుపోతుంది. నాలుగు రెట్లలో వంద గజాల దూరాన సుమారు ఇరవై అయిదు, ముప్ఫై అడుగుల మేర కనబడుతుంది. ఇరవై నాలుగు రెట్లలో నాలుగైదు అడుగులు. పంది కనబడవచ్చు. పంది పక్కన ఏముందో, పంది వెనక ఎవరున్నారో కనబడదు. రైఫిలు గుండు పంది దగ్గర ఆగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

నాలుగు రెట్లు మరీ తక్కువ కాదా అంటారేమో. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు సైన్యం తన గురికాండ్రకు ఇచ్చిన లీ ఎన్‌ఫీల్డ్ రైఫిలు మీద పెట్టిన 32వ నంబరు స్కోపు మూడు రెట్లది. సోవియట్ సైన్యం వాడిన పి.యు. అన్న స్కోపు మూడున్నర రెట్లది. వాళ్ళు గురి చూసింది మక్కచేను అవతలి గట్టుకు కాదు, అంతకు ఎన్నో రెట్ల దూరానికి. మన .315 రైఫిలు ఆ లీ ఎన్‌ఫీల్డ్‌కు దగ్గరి చుట్టమే. మా వాడు ఎక్కు పెట్టవలసి వస్తే యాభై గజాలు, మహా అయితే ఎనభై. అంతకు మించి తూటా వదలనని అతను ముందే ఒట్టు పెట్టుకున్నాడు.

తరవాతి శనివారం హైదరాబాదు వెళ్ళాము. లైసెన్సు వున్న దుకాణమే చూసుకున్నాము. కావాలనే సాయంత్రం అయిదున్నరకు చేరాము. ట్యూబులైట్ల కింద, తెల్లటి గోడ ముందు ఏ స్కోపు అయినా బాగానే వుంటుంది. పెళ్ళిచూపుల్లో పిల్లవాడు బాగున్నట్టు. దుకాణదారు మంచివాడు. “బయట చూస్తామయ్యా” అంటే, కుర్రవాణ్ణి తోడిచ్చి అరుగు మీదికి పంపాడు. ఎదుటి సందులో నీడలో వున్న ఒక బోర్డు అక్షరాలను గురిగా పెట్టుకున్నాము. పొద్దు పోయేదాకా ఒకటి తరవాత ఒకటి అవే అక్షరాలు చదివాము. ఏ స్కోపులో చివరిదాకా చదవగలిగామో అది ముందుకు వచ్చింది.

మేము చూసిన గుణాలు కొన్ని చెబుతాను. వరస పెట్టి బట్టీ పట్టనక్కరలేదు.

అద్దం మీది పూత మొదటిది. పూత లేని అద్దం ప్రతి ముఖం దగ్గరా నూటికి నాలుగు పాళ్ళ వెలుగును వెనక్కి కొడుతుంది. ఒక స్కోపులో అలాంటి ముఖాలు పది వున్నాయనుకోండి, లెక్క కట్టి చూస్తే మూడోవంతు వెలుగు దారిలోనే పోతుంది. జర్మనీలో త్సైస్ కంపెనీ 1935లో ఈ పూతకు పేటెంటు తీసుకున్నాక గాని అద్దాల వ్యాపారానికి ఆ రోగం కుదరలేదు. డబ్బా మీద ఉత్త ‘కోటెడ్’ అని వుంటే ఎక్కడో ఒక ముఖానికి పూశారని అర్థం. ‘ఫుల్లీ మల్టీకోటెడ్’ అని వుంటే గాలి తగిలే అన్ని ముఖాలకూ పలుపొరల పూత వున్నదని. డబ్బాను నమ్మకపోతే ట్యూబులైటు నీడను అద్దంలో చూడండి. ఆకుపచ్చగానో ఊదాగానో, మందంగా కనబడితే పూత వున్నట్టు. తెల్లగా ధగధగలాడితే లేనట్టు. దానిమ్మరంగు మెరుపు ముచ్చటకే. ఎర్రవెలుగునంతా బయటికి కొట్టి, లోపల పచ్చటి బొమ్మ మిగులుస్తుంది.

రెండోది కంటికీ అద్దానికీ మధ్య ఎడం. .315 రైఫిలు తన్ను గట్టిది. కన్ను దగ్గరగా పెడితే తప్ప బొమ్మ నిండుగా కనబడని స్కోపు, తుపాకి పేలినప్పుడు వెనక్కి వచ్చి కనుబొమ్మను అర్ధచంద్రాకారంగా కోస్తుంది. మూడున్నర అంగుళాలైనా ఎడం వుండాలి. దుకాణంలోనే చెంప ఆనించి చూసుకోవాలి, చలికాలంలో వేసుకునే మందపు చొక్కా గుర్తుపెట్టుకొని.

ఆ తన్నుకు తట్టుకోవడం వేరే గుణం. ఎయిర్ గన్ను మీద పెట్టే చవక స్కోపు ఇలాంటి రైఫిలు మీద పెడితే నాలుగు తూటాలకు గురిగీత జరిగిపోవచ్చు. అది బయటికి కనబడదు; గీత నడిమధ్యనే వుంటుంది, గుండు మాత్రం జానెడు పక్కకు పోతుంది. గొట్టంలో నైట్రోజన్ నింపి మూసినదైతే వానాకాలపు చెమ్మకు లోపల ఆవిరి పట్టదు. మా మక్కకాలం వానాకాలమే గదా, ఇది వదులుకోరాదు. గొట్టం ముప్ఫై మిల్లీమీటర్లదైతే వెలుగు ఎక్కువ వస్తుందని కుర్రవాడు అన్నాడు; రాదు. గురి సవరించడానికి లోపల చోటు ఎక్కువ వుంటుంది, అంతే. అంగుళం గొట్టం మాకు చాలు. లోపలి దీపాలు వద్దన్నాము. రాత్రిపూట వేడిని బట్టి చూపించే కొత్త రకాలు మా డబ్బుకు అందేవి కావు గనక వాటి జోలికి పోలేదు.

మా బామ్మర్దికి నా కెమెరా మీద గురి. “నీ కెమెరా కంపెనీదే ఇప్పియ్యి బావా” అన్నాడు. నాది నికాన్. ఆ కంపెనీ వారు రైఫిలు స్కోపులు చెయ్యడం మానేశారు. పాతసరుకు ఎక్కడైనా దొరికినా, రేపు చెడితే బాగు చేసేదెవరు? పేరున్న అమెరికా కంపెనీలవి అక్కడ వున్నాయి. ఒకటి చాలా నచ్చింది కూడా, మూడు నుంచి తొమ్మిది రెట్లది. అదొక్కటే ఇరవై రెండు వేలన్నాడు. తీసుకుంటే బిగించడానికి డబ్బు మిగలదు.

చాలామంది పొరపడేది ఇక్కడే. డబ్బంతా స్కోపుకే పోసి, దాన్ని పట్టుకునే కొక్కేలూ ఉంగరాలూ రెండు వందలవి పెడతారు. ఇంటికి పాలరాయి వేసి తలుపుకు తాటాకు కట్టినట్టు. ఉంగరం వెంట్రుకవాసి కదిలితే యాభై గజాల దగ్గర గుండు ఎక్కడో పడుతుంది. పైగా ఈ పాత పద్ధతి రైఫిళ్ళ వీపు చదునుగా వుండదు. స్కోపు ఎక్కడం సులువు కాదు. రంధ్రాలు వెయ్యవలసి వస్తే లైసెన్సు వున్న తుపాకి పనివాడి చేతే వేయించాలి. ఊళ్ళో వెల్డింగు దుకాణం అతను ఎంత చుట్టమైనా సరే, అతనికి ఇవ్వరాదు. బిగించాక బోల్టు పిడి స్కోపుకు తగలకుండా తిరుగుతోందో లేదో ఖాళీ తుపాకితో చూసుకోవాలి. పాత గంటునూ ముల్లునూ పీకెయ్యవద్దు. స్కోపు మొరాయించిన రోజున పగటివేళ అవే దిక్కు.

చివరికి మేము తీసుకున్నది నాలుగు రెట్ల స్కోపు, 32 మిల్లీమీటర్ల అద్దం. రెట్లు మారవు. మారని దాంట్లో కదిలే భాగాలు తక్కువ, అద్దాలు తక్కువ, చెడడం తక్కువ. అదే డబ్బుకు అద్దం నాణ్యం ఎక్కువ. పదకొండున్నర వేలయింది. కొక్కెం, ఉంగరాలు, బిగింపు కలిసి నాలుగున్నర. మొత్తం పదహారు వేలు. మిగతా తొమ్మిది వేలూ చెల్లెకు వాపసు ఇస్తానని మా బామ్మర్ది సంతోషంగా లేవబోయాడు.

“కూచో” అన్నాను. “ఇంకొకటి కొనాలి.”

ఆరువేలు పెట్టి 8x40 దుర్బిణి కొనిపించాను. లెక్క కట్టండి, 5 మిల్లీమీటర్ల వెలుగు. సరిగ్గా అతని కంటికి సరిపడింది. ఇదెందుకని దారిపొడుగునా గొణిగాడు. స్కోపులోంచి చూడవచ్చు గదా అన్నాడు. స్కోపు తుపాకి మీద వుంటుంది. దాంతో వెతకడమంటే, గొట్టం కొసను లోకం మీద తిప్పడం. ఆ లోకంలో గొంగడి కప్పుకున్న ముసలాయన వుంటాడు, పొద్దు గూకాక మేకను వెతుక్కుంటూ వచ్చే ఆడమనిషి వుంటుంది. వెతకడానికి దుర్బిణి. అది పందే అని తేలాక, దాని వెనక మట్టిగట్టు వున్నదని తేలాక, అప్పుడు స్కోపు. ఈ ఆరువేలు వద్దంటే ఆ పదహారువేలూ వెనక్కి ఇచ్చెయ్యమన్నాను. బస్సు మేడ్చల్ దాటేసరికి గొణుగుడు ఆగింది.

మూడువేలు మిగిలాయి. అవి గురి సవరణకు పోయాయి. రేంజి రుసుము, తూటాలు. తూటాలు లైసెన్సులో రాసిన లెక్కకు లోబడి గనక, ఒక్కటీ వృథా చెయ్యడానికి లేదు. సవరణ పద్ధతి తెలిస్తే పది తూటాల లోపల అయిపోతుంది. బల్ల మీద ఇసుకసంచి ఆనించి, యాభై గజాల దగ్గర మూడు తూటాలు వదలాలి. ఒక్క తూటా చూసి స్కోపు తిప్పకూడదు. మూడూ ఎక్కడ గుమిగూడాయో చూడాలి. మీట తిప్పితే ‘టిక్’ మనే ఒక్కొక్క చప్పుడుకు గురి వంద గజాల దగ్గర పావు అంగుళం జరుగుతుంది. యాభై గజాల దగ్గర అందులో సగం, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మా వాడి గుంపు రెండంగుళాలు ఎడమకు పడింది. పదహారు టిక్కులు కుడికి. తరవాతి మూడు నడిమికి వచ్చాయి. ఇంకో మూడు వదిలి నమ్మకం కుదుర్చుకున్నాడు.

ఆ రేంజిలో పదీ పన్నెండేళ్ళ పిల్లలు ఎయిర్ రైఫిళ్ళతో సాధన చేస్తున్నారు. ఒక్కదానికీ స్కోపు లేదు. ఒలింపిక్సులో పది మీటర్ల రైఫిలు పోటీకి అద్దం పెట్టి పెద్దది చేసి చూపే గురిని ఒప్పుకోరు. సన్నటి రంధ్రంలోంచి చూడడమే. మన హైదరాబాదు గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం తెచ్చింది అలాగే. మా బామ్మర్ది ఆ పిల్లలను అరగంట సేపు చూస్తూ నిలబడ్డాడు. ఒక పిల్ల తుపాకి ఎత్తింది, గురి పెట్టింది, ఏమి నచ్చలేదో దించేసింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ దించింది. నాలుగోసారి గాని పేల్చలేదు. “గట్ల దించుడు మంచిగ నేర్పిండ్రు బావా” అన్నాడు.

రాసేవాడికి అడగని సలహా ఇచ్చే హక్కు వుంది గనక ఇంకొక్కటి. పది వేల లోపే వున్నదంటే .315 మీదికి స్కోపు కొనకండి. ఆ డబ్బుతో కళ్ళు పరీక్ష చేయించుకొని, మిగిలినదానితో మంచి దుర్బిణి కొనుక్కొని, వెలుగున్న వేళల్లో ఇనప గురితోనే సరిపెట్టుకోండి. చవక స్కోపు గురి తప్పినా తప్పలేదని నమ్మిస్తుంది; ఇనప గురి అలా మోసం చెయ్యదు. అద్దాలను పంచె కొంగుతో తుడవకండి. ముందు దుమ్ము ఊదాలి, తరవాత మెత్తని బ్రష్షు, ఆ తరవాతే గుడ్డ. తుపాకి ఖాళీ చేసి ఒక చోట, తూటాలు ఇంకొక చోట, రెండింటికీ తాళాలు. తాళంచెవులు మా ఆవిడ సలహా ప్రకారం చెల్లె దగ్గర వున్నాయి. మా బామ్మర్దికి ఇది అంతగా రుచించలేదు గాని, అక్క మాట.

దుర్బిణి మాత్రం తాళంలో లేదు. దండెం పక్కన మేకుకు వేలాడుతోంది. పగలు చెల్లె దాంతో గేదెలు ఎక్కడిదాకా పోయాయో చూసుకుంటుంది. చిన్నపిల్లవాడు చెరువు మీది కొంగలను చూస్తాడు. ఆరువేలు దండగ అన్న మాట ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరూ అనడం లేదు.

ఈ పంటకు అనుమతి కాగితం పోయిన వారమే వచ్చింది. మొన్న రాత్రి తొమ్మిదింటికి ఫోను చేశాడు. వెన్నెల బాగా వుందట. మక్కచేను కొసన నల్లగా నాలుగు కనబడ్డాయట. దుర్బిణి పెట్టి చాలాసేపు చూస్తే మూడు పందులు, నాలుగోది దూడ. డబ్బా కొట్టి తరిమేశాడు. స్కోపు మూత తియ్యలేదు. పందులు తుప్పల్లోకి పోయాయి, దూడ బెదిరి గట్టు దిగి ఇతని కొట్టంలోకే వచ్చింది. పొద్దున్నే కట్టుతాడు పట్టుకొని వచ్చాడట గొంగడి ముసలాయన. రాత్రంతా వెతికారట వాళ్ళు.